నాలుగో వారం పాఠం

రవాణా సంస్థ వారి శిక్షణ కళాశాలలో బస్సు నడపడం నేర్పడానికి నాలుగు వారాలు పట్టేది. మొదటి వారం స్టీరింగూ క్లచ్చూ, రెండో వారం గేర్లూ బ్రేకులూ, మూడో వారం సంతరోజు రోడ్డు మీద నడకా, నాలుగో వారం వెనక్కి నడపడం. వెనక్కి నడపడం ఆఖర్న ఎందుకు పెట్టారంటే, బంగారినాయుడు మాస్టారు పెట్టారు గనక. కళాశాల పుట్టినప్పటి నుంచీ నేర్పేది ఆయనే. కొత్త చేతులతో బండిని మొదట వెనక్కి కదిలించకూడదని ఆయన పట్టింపు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, తొక్కించి, ముందుకు పోనిచ్చిన బండిని మూడు వారాల దాకా వెనక్కి రానిచ్చేవారు కాదు. అందుకోసమే నేర్పే మైదానాన్ని గుండ్రంగా చేయించారు. ఎందుకండీ అని ఎవరైనా అడిగితే, "పలక పట్టిన్నాడే సెరపడం నేర్పుతామేటి?" అనేవారు.

పైడితల్లి ఆ కళాశాలకు ఆడవాళ్ల బ్యాచీలో వచ్చింది. ఆమెది నేరేడువలస. రోడ్డు ఆ ఊళ్లోకి వచ్చి, గెడ్డ అని పిలిచే వాగు ఒడ్డున ఆగిపోతుంది. ఒక పక్క కొండ, ఒక పక్క వరిమళ్లు. ఆమె పదో తరగతి పాసైన నాటికి ఆ ఊరికి బస్సు లేదు. కాలేజీ పట్నంలో ఉంది, పట్నం దూరంలో ఉంది. దగ్గర్లో ఉన్నది జీడిపిక్కల ఫ్యాక్టరీ. పైడితల్లి అందులో చేరి తొక్కలు ఒలిచింది. జీడి నూనెకు అరచేతులు నల్లబడ్డాయి. ఆ తరవాత ఊరికి బస్సు పడింది. సాయంత్రం వచ్చి, రాత్రి ఊళ్లోనే నిద్రచేసి, పొద్దున్నే పిల్లల్ని ఎక్కించుకుని పట్నం పోయే బస్సు. పైడితల్లి చెల్లెలు ఝాన్సీ దాంట్లోనే ఇంటరుకు పోతోంది. నర్సు అవుతానని ఇప్పటి నుంచే ఊళ్లో అందరి నాడీ పట్టుకు చూస్తోంది. ఆ బస్సు నడిపే ముసలి డ్రైవరు రిటైరవుతాడని తెలిసి, పైడితల్లి ఫ్యాక్టరీ మానేసి డ్రైవరు పనికి దరఖాస్తు పెట్టింది. ఎవరో ఒకరు నడపకపోతే బస్సు ఆగుతుంది, బస్సు ఆగితే ఝాన్సీ చేతులూ నల్లబడతాయి. ఆమెకు తెలిసిన లెక్క అంతే.

అదే సమయంలో సంస్థలో ప్రతిఫల సలహాదారు అనే ఉద్యోగం ఒకటి పుట్టింది. దాంట్లోకి డాక్టర్ ప్రభంజన్ గారు వచ్చారు. ఆయనకు బస్సు నడపడం రాదు. రాకపోవడం వల్లనే తన దృష్టి నిష్పక్షపాతంగా ఉంటుందని మొదటి రోజే చెప్పుకున్నారు. మైదానం పక్కన షామియానా వేయించుకుని, ప్రతి సాయంత్రం శిక్షణార్థులకు పరీక్షలు పెట్టి మార్కులు వేశారు. మూడు వారాలు అయ్యాక, వెనకటి బ్యాచీల నాలుగో వారం మార్కులు కూడా తెప్పించి, గోడంత గుడ్డ మీద ఒక గీత గీయించారు. గీత గబగబా పైకెక్కింది, మెల్లగా ఎక్కింది, బల్లపరుపుగా సాగింది, చివర్న దిగజారింది.

దిగజారడానికి కారణం చిన్నది. నాలుగో వారంలో బండిని వెనక్కి నడిపించగానే ఎవరికైనా కుడి ఏదో ఎడమ ఏదో తెలియకుండా పోయేది. ఆ తికమకలో రెండు రోజులు ముందుకు కూడా వంకరగానే నడిపేవారు. మాస్టారికి అది మామూలే. డాక్టర్ గారికి మాత్రం అదొక మహా సత్యంలా కనిపించింది.

"గమనించండి," అన్నారు ఆయన బెత్తంతో గీతను తట్టి. "మొదటి వారంలో జ్ఞానం పరుగెత్తింది. రెండో వారంలో నడిచింది. మూడో వారంలో కూర్చుంది. నాలుగో వారంలో పడుకుంది, పడుకుని మంచం మీద నుంచి జారింది. దీన్ని క్షీణ ప్రతిఫలాల సూత్రం అంటారు. ఏ విద్యలోనైనా పోనుపోను నేర్చేది తగ్గుతుంది, ఖర్చు తగ్గదు. నాలుగు ఇడ్లీలు తినండి. మొదటి దానిలో ఉన్న ఆనందం నాలుగో దానిలో ఉంటుందా?"

"ఉండదండి బాబూ," అన్నారు బంగారినాయుడు మాస్టారు. "కానీ ఆ నాలుగోది పడకపోతే మజ్జానం దాకా ఆగలేం గదండీ."

"ఆకలి వేరు, ప్రతిఫలం వేరు," అన్నారు డాక్టర్ గారు. షామియానా కింద కూర్చున్న అధికారులు ఆ మాట రాసుకున్నారు.

పైడితల్లి వెనక వరసలో చెయ్యెత్తింది. "సార్, మరి వెనక్కి నడపాల్సి వస్తే?"

డాక్టర్ గారు ఆమె వంక జాలిగా చూశారు. "చూడమ్మా, వెనక్కి వెళ్లవలసిన అవసరం ఎవరికి వస్తుంది? ముందుకు సరిగా వెళ్లనివారికి. ముందుకు వెళ్లడంలో మీకు ఎంతో మంచి మార్కులు వచ్చాయి. ఇక మీకెందుకా భయం?"

మర్నాటికే ఉత్తర్వు వచ్చింది. శిక్షణార్థుల జ్ఞానము ప్రయోజనకర స్థాయికి చేరిన వెంటనే దానిని అచ్చటనే నిలుపుదల చేయవలెననీ, మిగులు జ్ఞానము సంస్థపై భారము కాకుండా చూడవలెననీ దాని సారాంశం. నాలుగో వారం రద్దయింది. వెనక గేరు మీద 'వాడరాదు' అన్న చీటీలు అతికించారు. ఇంత గొప్ప సూత్రం డ్రైవర్లతో ఆగిపోవడం అన్యాయమని మిగతా శాఖలకూ వర్తింపజేశారు. మెకానిక్కులకు మొదటి వారాల్లో ఇంజను విప్పడం, చివరి వారాల్లో బిగించడం నేర్పేవారు. ఇప్పుడు విప్పడం దగ్గర ఆపేశారు. డిపో నిండా ఎంతో నేర్పుగా విప్పిన ఇంజన్లు పరుచుకున్నాయి. క్యాంటీన్ వంటవాడు ముప్పావు వంతు ఉడికిన అన్నం దించుతూ, మిగతా పావు వంతులో మంట ఎక్కువా మార్పు తక్కువా అని తిన్నవాళ్లకు వివరించాడు.

పైడితల్లికి నేరేడువలస బస్సే ఇచ్చారు.

మొదటి సాయంత్రం ఊరు ఊరంతా గెడ్డ ఒడ్డుకు వచ్చేసింది. బండికి బంతిపూల దండ వేశారు. వాళ్లమ్మ అప్పయ్యమ్మ దిష్టి తీసింది. "మా గుంట పైడితల్లి బస్సు తెచ్చింది సూడండే!" అని కనబడిన వాళ్లకల్లా చెప్పింది, అందరూ అక్కడే నిలబడి చూస్తున్నా. పైడితల్లి బండిని గెడ్డకు ఎదురుగా ఆపి దిగింది. ఆ రాత్రి అందరూ హాయిగా నిద్రపోయారు.

పొద్దున్నే ఝాన్సీ, దాని స్నేహితురాళ్లు సంచులు తగిలించుకుని బస్సెక్కి కూర్చున్నారు. పైడితల్లి ఇంజను వేసింది. ఎదురుగా గెడ్డ. కుడి పక్క కొండ. ఎడమ పక్క మళ్లు. ఇన్నేళ్లూ ముసలి డ్రైవరు బండిని బడి సందులోకి వెనక్కి దూర్చి తిప్పుకునేవాడు. పైడితల్లి చిన్నప్పటి నుంచీ అది చూస్తూనే ఉంది. చూడటం వేరని ఆ పొద్దున తెలిసింది.

"ఎల్లవేటప్పా?" అంది ఝాన్సీ అక్కతో.

"వెనక్కెల్లడం నాకు నేర్పనేదే."

"మరేటి నేర్పినారు?"

"చాలినంత."

అప్పయ్యమ్మ పళ్లు తోముకుంటూ వచ్చి సంగతి విని, వేపపుల్ల ఉమ్మేసి, "ఓలమ్మో, పోనీ మనం తోసీలేమా?" అంది. ఊళ్లో మగాళ్లు వచ్చారు. ఆడాళ్లు వచ్చారు. గేరు తీసేసి పైడితల్లి స్టీరింగు పట్టుకుంటే, ఊరంతా ముందు నుంచి భుజాలు ఆనించి బండిని సందులోకి నెట్టింది. బస్సు తిరిగింది. పిల్లలు కాలేజీకి వెళ్లారు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

ఈ వార్త డిపో మేనేజరు నరహరి గారికి చేరింది. ఆయన కంగారుపడి డాక్టర్ గారికి ఫోన్ చేశారు. డాక్టర్ గారు ఏమాత్రం కంగారుపడలేదు. "అద్భుతం," అన్నారు. "ఒక్క డ్రైవరుకు వారం రోజులు నేర్పే బదులు, ఒక్క రోజు కూడా నేర్పకుండా ఊరంతటి చేతా ఆ పని చేయించుకుంటున్నాం. దీనికి ప్రజా భాగస్వామ్యం అని పేరు పెట్టండి." పేరు పెట్టారు. నేరేడువలసలో నెట్టుడు సంఘం వెలిసింది. సంఘానికి ఆకుపచ్చ టోపీలు వచ్చాయి. టోపీ లేకుండా బస్సును నెట్టరాదని నిబంధన వచ్చింది. పొరుగు జిల్లాల నుంచి అధికారులు జీపుల్లో వచ్చి, పొద్దున్నే ఊరు బస్సును నెట్టడం చూసి, చప్పట్లు కొట్టి, తిరిగి పోవడానికి వాళ్ల జీపులనూ నెట్టించుకున్నారు. వాళ్ల డ్రైవర్లదీ మూడు వారాల చదువే.

ఇలా మంచిరోజులు నడుస్తుండగా వరికోతలు వచ్చిపడ్డాయి. కోతల కాలంలో ఊరు చీకటితోనే మళ్లలోకి దిగిపోతుంది. నెట్టడానికి ముసలివాళ్లూ మేకలూ మిగిలాయి. బస్సు కదల్లేదు. ఒక రోజు కాదు, వరసగా కదల్లేదు. పట్నంలో నరహరి గారు పైడితల్లిని పిలిచి ఎంతో మర్యాదగా చెప్పారు.

"అమ్మా, తిరుగుడు సౌకర్యం గానీ, నెట్టుడు సంఘం గానీ లేని గ్రామాలను సేవా పరిధి నుంచి తొలగించమని పైనుంచి ఆదేశం. మీ ఊరిలో సంఘం ఉంది, హాజరు లేదు. ఈ నెలాఖరు వరకూ చూస్తాం."

"నాకు వెనక్కి నేర్పించీయండి సార్. వారమే గదా. సెలవు పెట్టుకుని నేర్సుకుంటాను."

నరహరి గారు కుర్చీలో వెనక్కి జరిగారు. గదిలో ఇంకెవరూ లేకపోయినా గొంతు తగ్గించారు. "ఇంకా నేర్చుకుంటానని ఇంకెక్కడా అనకండి. అధిక జ్ఞానాభ్యర్థన కింద పరిగణిస్తారు. మీకు పెళ్లి కావలసి ఉంది, మీ ఫైలు శుభ్రంగా ఉంది."

పైడితల్లి ఇంటికొచ్చేసరికి అప్పయ్యమ్మ అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చి ఉంది. జీడి ఫ్యాక్టరీ మేస్త్రీ సాయంత్రం వచ్చి పోయాడట.

"బస్సే నేకపోతే సదువేటి?" అంది ఆమె పొయ్యిలోకి పుల్లలు ఎగదోస్తూ. "నడిసెల్లి నడిసి వస్తదా? నువ్వు సేసిన పనే అది సేస్తది. సెడ్డ పనేం కాదు."

ఝాన్సీ దగ్గరికి వచ్చింది. అక్క చెయ్యి తీసుకుని నాడీ చూసింది. "గట్టిగా కొట్టుకుంటంది," అని చెప్పి వదిలేసింది.

మర్నాడు తెల్లారకముందే పైడితల్లి చెల్లెల్ని లేపింది. 'వాడరాదు' చీటీని చింపకుండా, గోటితో జాగ్రత్తగా ఊడదీసి ముందు అద్దం మూల అంటించింది. ఝాన్సీ బండి వెనక నిలబడింది. ముసలి డ్రైవరు కాలంలో కండక్టరు అరిచే కేకలు దానికి బాగా గుర్తున్నాయి.

"రైట్... రైట్... రైట్... అప్పా, హోల్డాన్! హోల్డాన్ అంటంటే!"

బస్సు వెనక చక్రం సన్యాసప్పడు తాత మడిగట్టు ఎక్కి కూర్చుంది. దాన్ని దించడానికి పొద్దెక్కింది. తాత వచ్చి గట్టు వంక చూసి, బస్సు వంక చూసి, "నా గట్టు అదాటున లేసి బస్సు కిందకి వచ్చీసినాదేటమ్మా?" అని అడిగాడు. రెండో రోజు బడి ప్రహరీ నుంచి రెండు ఇటుకలు రాలాయి. మూడో రోజు ఏమీ రాలలేదు గానీ బస్సు సందులోకీ వెళ్లలేదు. తల అటు తిప్పితే తోక ఇటు పోతోంది. అద్దంలో కనిపించే ఝాన్సీ కుడి చెయ్యి ఊపుతోందో ఎడమ చెయ్యి ఊపుతోందో పైడితల్లికి అర్థం కాలేదు. పైగా మధ్యాహ్నం మళ్లలోంచి కూటికి వచ్చినవాళ్ల చేత బండి నెట్టించుకుని, పట్నం రోడ్డు మీద ముందుకు పోతుంటే కూడా చేతులు తడబడ్డాయి. ఎదురుగా వచ్చే ఎడ్లబండికి పక్కకు తప్పుకోబోయి దాని మీదకే పోయింది. బండివాడు తిట్టిన తిట్లు డాక్టర్ గారు వింటే గీత కింద రాయించుకునేవారు.

ఎంతో కాలం ఏమీ రాలేదు. నెలాఖరు దగ్గరపడుతోంది. ఒక పొద్దున, ఎందుకో పైడితల్లికే తెలియదు, బండి తోక తన నడుము దగ్గర నుంచే మొదలైనట్టనిపించింది. ఝాన్సీ కేక వేయకముందే చేతులు తిరిగాయి. బస్సు సందులోకి, ఇంట్లోకి వచ్చే ఆవులా, తనంతట తాను వచ్చినట్టు వచ్చింది. ఆగింది. ముందుకు కదిలి పట్నం వైపు తిరిగింది. ఆ పొద్దున పట్నం రోడ్డు కూడా కొత్తగా వెడల్పు అయినట్టనిపించింది. ఇరుకు సందుల్లో, సంతలో, మలుపుల్లో బండి ఎంత జాగా తీసుకుంటుందో ఇప్పుడు అన్ని వైపుల నుంచీ తెలుస్తోంది. మూడు వారాల్లో నేర్చుకున్నదంతా ఆ పొద్దున మళ్లీ ఒకసారి నేర్చుకున్నట్టయింది.

నెలాఖరుకు బస్సు ఆగలేదు. ఝాన్సీ ఫ్యాక్టరీకి పోలేదు. ఫ్యాక్టరీ మేస్త్రీ ఇంకో ఊరు చూసుకున్నాడు.

ఆపద ఆకుపచ్చ టోపీల నుంచి వచ్చింది. నెట్టుడు సంఘం టోపీలు మాసిపోలేదేమని తనిఖీకి వచ్చిన అధికారికి అనుమానం వచ్చింది. సంఘం నెట్టడం లేదు, బస్సు మాత్రం రోజూ తిరుగుతోంది. అంటే ఎవరో నేర్చుకున్నారు. పైడితల్లిని విచారణకు పిలిచారు.

విచారణ డిపో ఆవరణలో జరిగింది. ఆవరణలో బస్సులన్నీ గోడలకు ముక్కులు ఆనించి, శిక్ష వేసిన పిల్లల్లా నిలబడి ఉన్నాయి. లోపలికి వచ్చిన బస్సు వచ్చినట్టే గోడ దాకా పోయి ఆగడం, మర్నాడు అందరూ కలిసి లాగడం అక్కడి పద్ధతి. బల్ల వెనక డాక్టర్ ప్రభంజన్ గారూ, పక్కన నరహరి గారూ కూర్చున్నారు.

"మీ మీద ఆరోపణ," అన్నారు నరహరి గారు గొంతు సవరించుకుని, "నిర్దేశిత పరిమితికి మించిన జ్ఞానాన్ని, అనుమతి లేకుండా, విధి నిర్వహణ సమయానికి ముందు ఆర్జించి, దానిని సంస్థ ఆస్తిపై ప్రయోగించారని. ఒప్పుకుంటారా?"

"వెనక్కి నడపడం నేర్సుకున్నానండి."

"అదే. ఎందుకు?"

"ఊళ్లో బండి తిరగాల గదండీ."

డాక్టర్ గారు ముందుకు వంగారు. ఆయన కళ్లలో కోపం లేదు, ఆసక్తి ఉంది. అదే ఎక్కువ ప్రమాదమని నరహరి గారికి అనుభవం మీద తెలుసు. "ఒకసారి చేసి చూపించగలరా?"

పైడితల్లి గోడకు ఆనిన ఒక బస్సెక్కి, ఇంజను వేసి, వెనక్కి తీసి, అటూ ఇటూ ఉన్న రెండు బస్సుల మధ్య నుంచి బయటికి తెచ్చి, ఆవరణ మధ్యలో తిప్పి గేటు వైపు ముఖం పెట్టి ఆపింది. పొద్దుటి నుంచి ఆ బస్సు కోసం ఎదురు చూస్తున్న ప్రయాణికులు, విచారణ ఏమిటో తెలుసుకోకుండా, పరుగెత్తుకొచ్చి ఎక్కేశారు.

"ఎన్నాళ్లలో వచ్చింది?" అని అడిగారు డాక్టర్ గారు.

"శానా నాళ్లు ఏటీ రానేదండి. ఉన్నది కూడా పోతాదేమో అనిపించింది. ఒక పొద్దున వచ్చీసినాది."

"ఒక్క పొద్దున?"

"అవునండి."

"ఆ ఒక్క పొద్దున తరవాత మిగతా నడక ఎలా ఉంది?"

"అంతకు ముందు నడిపిందంతా నడపడమే కాదనిపించిందండి."

డాక్టర్ గారు లేచి నిలబడ్డారు. గోడంత గుడ్డ తెప్పించారు. దాని వెనక వైపు, ఖాళీగా ఉన్న వైపు, కొత్త గీత గీయించారు. ఈసారి గీత నేల మీద పాకుతూ పాకుతూ పోయి, చివర్న తాటిచెట్టులా నిటారుగా లేచింది. "వృద్ధి ప్రతిఫలాలు!" అన్నారు. "నేర్చుకున్నకొద్దీ ఫలితం పెరుగుతుంది. మొదట్లో ఏమీ ఉండదు. సర్వం చివరిలోనే ఉంది. ఇన్నాళ్లూ మనం చేసింది ఎంత పొరపాటు!"

పైడితల్లికి ప్రాణం లేచొచ్చింది. "అయితే నాలుగో వారం మళ్లీ పెడతారాండి?"

"తప్పకుండా పెడతాం," అన్నారు డాక్టర్ గారు. "మొదటి మూడు వారాలూ తీసేస్తాం."

పైడితల్లి వేళ్ల మీద లెక్కపెట్టి చూసింది. "మొదటి మూడు వారాలూ నేకపోతే నాలుగోది రాదు గదండీ?"

"మీరే చెప్పారు కదమ్మా, ఆ రోజులన్నీ ఏమీ రాలేదని. ఏమీ రాని రోజుల మీద సంస్థ ఎందుకు ఖర్చు పెట్టాలి? వచ్చిన రోజు ఒక్కటి ఉంచితే చాలదూ?"

"ఆ రోజులు నేకపోతే ఆ రోజు వచ్చీది కాదండి."

"అది మీ వినయం," అన్నారు డాక్టర్ గారు.

శిక్షణ కళాశాలలో కొత్త బ్యాచీకి చివరి పాఠంతోనే చదువు మొదలూ తుదీ అయ్యాయి. బంగారినాయుడు మాస్టారు ఉత్తర్వు రెండుసార్లు చదివించుకుని, నిమ్మకాయలు తీసుకెళ్లి ఈసారి వెనక చక్రాలకు వెనక పెట్టారు. మొదటి శిష్యుడు బండెక్కి క్లచ్చు ఏదని అడిగాడు. అది మొదటి వారం పాఠమని ఆయన చెప్పారు. బస్సు నిమ్మకాయలు తొక్కి, షామియానా తొక్కి, క్యాంటీన్ గోడ దాకా వెళ్లింది. ముప్పావు అన్నం ఆ రోజు అరవంతు దగ్గరే దిగింది.

ఆ విధంగా సంస్థలో రెండు రకాల డ్రైవర్లు తయారయ్యారు. ముందుకు మాత్రమే వచ్చినవాళ్లు క్షీణ విభాగం, వెనక్కి మాత్రమే వచ్చినవాళ్లు వృద్ధి విభాగం. ప్రతి బస్సుకూ ఇద్దరు. వృద్ధి విభాగం మొదటి ఆదర్శ ఉద్యోగినిగా పైడితల్లికి శాలువా కప్పారు. శాలువాతో పాటు ఒక షరతు కప్పారు. ఒకే మనిషికి రెండు విభాగాల విద్యా ఉంటే ఏ సూత్రం వల్ల ఎంత లాభమో తేలదు కాబట్టి, ఆమె ఇకపై బండిని ముందుకు కదల్చరాదు. కదిలిస్తే ఉద్యోగం పోతుంది, బస్సు సేవ పునఃసమీక్షకు వెళ్తుంది.

నేరేడువలస బస్సును ముందుకు నడిపే డ్రైవరుగా లోకనాథం వచ్చాడు. మంచివాడే. సాయంత్రం అతను బండిని గెడ్డ దాకా తెచ్చేవాడు. పొద్దున్న పైడితల్లి ఎక్కి వెనక్కి తీసేది, దిగేది. లోకనాథం ఎక్కి జానెడు ముందుకు నడిపేవాడు, దిగేవాడు. మళ్లీ పైడితల్లి ఎక్కేది. బస్సు పట్నం వైపు తిరిగేసరికి ఇద్దరికీ చెమటలు పట్టేవి.

"మనం బండి నడపతన్నామా, తొక్కుడుబిళ్ల ఆడతన్నామా?" అనేవాడు లోకనాథం. పిల్లలు కిటికీల్లోంచి ఎవరు ఎన్నిసార్లు ఎక్కారో పందేలు వేసుకునేవారు. ఏమైతేనేం, బస్సు వెళ్తోంది. పైడితల్లి దారంతా ప్రయాణికురాలిలా కూర్చుని, కాళ్లతో లేని క్లచ్చు తొక్కుతూ పట్నం పోయేది.

ఝాన్సీ పెద్ద పరీక్షలు వచ్చాయి. మొదటి పరీక్షకు ముందు రోజు సాయంత్రం లోకనాథం బండిని గెడ్డ దగ్గర ఆపి, బావమరిది గృహప్రవేశానికి పక్క ఊరెళ్లి తెల్లారకముందే వచ్చేస్తానన్నాడు. తెల్లారింది. రాలేదు. కబురు వచ్చింది. గృహప్రవేశం భోజనాల్లో గుమ్మడికాయ పులుసు తేడా చేసిందట, లోకనాథం లేవలేని స్థితిలో ఉన్నాడట.

పిల్లలు బస్సు చుట్టూ నిలబడ్డారు. ఝాన్సీ హాల్‌టికెట్టు గుండెకు అదుముకుని అక్క వంక చూసింది. పరీక్ష కేంద్రం గేటు వేసేస్తే ఇక ఆ యేడాదికి అంతే. ఆ తరవాత సంగతి అప్పయ్యమ్మ చెప్పకుండానే అందరికీ తెలుసు.

"నువ్వే తోలీయే అప్పా. ఎవులు సూత్తారు?"

"అందరూ సూత్తారు. సూసి బస్సు తీసేత్తారు. ఈయేల నువ్వెల్తావు, రేపటేల ఎవులూ ఎల్లరు."

పైడితల్లి నరహరి గారికి ఫోన్ చేసింది. ఆయన అప్పుడే నిద్ర లేచారు.

"ముందు డ్రైవరు రాలేదు సార్. పిల్లలకు పరీక్ష ఉంది. నేను పట్నం దాకా తేవచ్చాండి?"

"అమ్మా, నా సొంత అభిప్రాయం అడిగితే తెచ్చేయండి అంటాను. కానీ నాకు సొంత అభిప్రాయం ఉండే స్థాయి లేదు. మీరు బండిని అంగుళం ముందుకు కదిల్చినా క్షీణ విభాగంలో చొరబాటు. వెనక్కి కదల్చడం మాత్రమే మీ పరిధి."

"వెనక్కి ఎంత దూరం కదల్చొచ్చాండి?"

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. చాలాసేపు వినిపించింది.

"దూరం రాయలేదమ్మా," అన్నారు నరహరి గారు చివరికి. ఆయన గొంతులో చాలా కాలం తరవాత ఏదో హుషారు వినిపించింది.

పైడితల్లి బండెక్కింది. ఆ పొద్దున దాన్ని తిప్పే పనే లేదు. ముక్కు గెడ్డ వైపు, తోక పట్నం వైపు సిద్ధంగా ఉంది. పిల్లలందరినీ ఆఖరి సీటులో వెనక అద్దానికి ఎదురుగా కూర్చోబెట్టింది. ఝాన్సీ అద్దానికి ముక్కు ఆనించి నిలబడింది.

"రైట్... రైట్..."

బస్సు వెనక్కి నడిచి ఊరు దాటింది. అప్పయ్యమ్మ గెడ్డ ఒడ్డున నిలబడి చూస్తుంటే, పైడితల్లికి తల్లి ఎదురుగానే కనిపిస్తూ, కనిపిస్తూ చిన్నదైంది. దిష్టి తీసినట్టు చెయ్యి తిప్పడం కూడా కనిపించింది. ఆ తరవాత బడి కనిపించింది, మళ్లు కనిపించాయి, కొండ కనిపించింది. ముందుకు పోయే డ్రైవరుకు తన ఊరు ఎప్పుడూ వెనకే ఉంటుంది. ఆమెకు మాత్రం ఆ పొద్దున మలుపు తిరిగేదాకా ఎదురుగానే ఉంది.

"గేదె!" అంది ఝాన్సీ. "ఎడమకి. మన ఎడమకి కాదు, దాని ఎడమకి. హోల్డాన్! ఎల్పోనాది. రైట్."

మధ్యలో ఒకమ్మాయి జంతుశాస్త్రం పుస్తకం తెరిచి గుండె గదుల పేర్లు గట్టిగా చదవడం మొదలెట్టింది. మిగతావాళ్లు అందుకున్నారు. కుడి కర్ణిక, రైట్ రైట్, ఎడమ జఠరిక, గోతి ఉన్నాదప్పా, ద్విపత్ర కవాటం, హోల్డాన్. పైడితల్లి మెడ తిరిగి, నడుము తిరిగి, అద్దం నుంచి అద్దానికి చూస్తూ బండిని తెస్తోంది. కళాశాలలో మొదటి వారం నేర్చిన క్లచ్చూ, రెండో వారం బ్రేకూ, మూడో వారం సంత రోడ్డూ, తెల్లారి చెల్లెలితో నేర్చుకున్నదీ, ఏది ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతోందో ఆమెకే విడిగా తెలియడం లేదు. డాక్టర్ గారు ఉంటే ఏ ముక్క ఏ గీతలో వేయాలో తేల్చుకోలేక ఇబ్బందిపడేవారు.

పట్నం పొలిమేరలో గడియారం చూసుకుంటే టైము ఇంకా ఉంది. మేకల మందను రోడ్డు దాటిస్తున్న ఒక ముసలాయన, తోక ముందు పెట్టుకుని వస్తున్న బస్సును చూసి కర్ర పట్టుకుని నిలబడిపోయాడు. మేకలు దాటేదాకా పైడితల్లి బండి ఆపింది. ఆయన కిటికీ కిందికి వచ్చి, బండి ముందూ వెనకా చూసి, తల గోక్కున్నాడు.

"అమ్మా, తెలీక అడుగుతున్నాను. ఈ బస్సు ఎల్తందా, వస్తందా?"

పైడితల్లి కిటికీలోంచి తల బయటపెట్టింది. మెడ పట్టేసి నెప్పి పుడుతోంది. వెనక సీట్లో పిల్లలు గుండె పూర్తి చేసి ఊపిరితిత్తుల్లోకి దిగారు.

"బస్సు సంగతి నాకూ తెల్దు తాతా," అంది. "పిల్లలు మాత్రం ఎల్తన్నారు."